తాబేలు పిల్లల్ని చూడటానికి వెళ్లేముందు

(చెన్నైలో ఉంటున్న తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డింగు విని రాసింది)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, మీరు ముందు వరుసల్లోకి వచ్చేయండి. ఇవాళ్టి మాటలు ముఖ్యంగా మీకే.

నేను లోపలికి వస్తుంటే కొందరు ఆపి ఒకటే ప్రశ్న అడిగారు. "సార్, బీసెంట్ నగర్‌లో తాబేలు పిల్లల్ని ఎన్నింటికి వదులుతారు? ఏ రోజు వెళ్తే ఎక్కువ కనపడతాయి?" మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ చల్లబడ్డాక, సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో వదలడం అక్కడ మామూలు. ఏ రోజు అన్నదానికి మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు. గుడ్లు పగిలి తాబేలు పిల్లలు ఇసుక పైకి వచ్చిన రోజే వదిలేది. ఆ రోజు ఒక్క గుంతలోంచి కూడా పిల్లలు రాకపోతే మీకు కనపడేది దడి, ఇసుక, చీటీలు, అంతే. అలాంటి రోజున కూడా వెళ్లాలనీ, తెలుసుకోవడానికి ఆ రోజే ఎక్కువ వీలుంటుందనీ చెప్పడానికే నేను మైకు పట్టుకున్నాను.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెబుతాను. బీసెంట్ నగర్‌లోని ఎలియట్స్ బీచ్‌లో ఇసుక మీద కర్రలు పాతి కట్టిన దడి. దీన్నే హేచరీ అంటారు, తీరంలో దొరికిన తాబేలు గుడ్లని తెచ్చి ఇక్కడ పొదగనిస్తారు. లోపల వరుసలు వరుసలుగా గుంతలు పూడ్చి ఉంటాయి. ఒక్కో గుంతకి ఒక్కో చీటీ. గూడు ఏ తేదీన దొరికింది, ఎక్కడ దొరికింది, ఎన్ని గుడ్లున్నాయి, అన్నీ దాని మీద రాసి ఉంటాయి. పొదిగే రోజు దగ్గరపడిన గుంతల చుట్టూ అడుగు తీసేసిన బుట్టలు పెడతారు, రాత్రి పైకి వచ్చిన పిల్లలు చెల్లాచెదురై పోకుండా. ఇంకేమీ లేదు. మెషిన్లు లేవు, గాజు తొట్లు లేవు, టిక్కెట్టు లేదు. మొదటిసారి వెళ్లినవాళ్లు "ఇంతేనా?" అంటారు. ఆ చీటీలు నిదానంగా చదవండి. నీలాంకరై అని ఒకదాని మీద, కొట్టివాక్కం అని ఇంకోదాని మీద, తిరువాన్మియూర్ అని మరోదాని మీద కనపడుతుంది. ఇక్కడ కూర్చున్న చాలామంది ఇళ్లు ఆ ఊళ్లలోనే కదా! మీరు బాల్కనీలో కూర్చుని కాఫీ తాగే చోటికి నాలుగడుగుల దూరంలో, మీరు నిద్రపోతున్నప్పుడు, ఒక తల్లి వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిందని ఆ చీటీ చెబుతోంది.

ఆ తల్లి సంగతి చెప్పాలి. మన తీరానికి ఎక్కువగా వచ్చేది ఆలివ్ రిడ్లే తాబేలు. పెద్దది అరవై, డెబ్బై సెంటీమీటర్ల పొడవు డిప్పతో, నలభై కిలోల అటూ ఇటూ బరువుంటుంది. మన దగ్గర జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టే కాలం, కొన్ని ఏప్రిల్లో కూడా వస్తాయి. రాత్రిపూట నీళ్లలోంచి బయటికి వచ్చి, పోటు అందని ఎత్తుకి పాక్కుంటూ పోతుంది. నీళ్లలో అంత సులువుగా ఈదే జీవి, ఇసుక మీద తన బరువు తానే ఈడ్చుకుంటుంది. వెనక కాళ్లతో కూజా ఆకారంలో గుంత తవ్వుతుంది, పైన సన్నటి మెడ, కింద గుండ్రటి పొట్ట. లోతు ఒక మూరెడు. ఆ కాళ్లకి కళ్లు లేవు, వెనక్కి తిరిగి చూసుకోదు, అయినా గుంత గోడలు ఎంత నున్నగా వస్తాయో! నూటికి అటూ ఇటూ గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, డిప్పతో అటూ ఇటూ ఊగుతూ ఆ ఇసుకని దిమ్మిస కొట్టినట్టు గట్టిపరుస్తుంది. మొత్తం గంటలోపు పని. కళ్లవెంట నీళ్లు కారుతుంటే చూసినవాళ్లు ఏడుస్తోందనుకుంటారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని కంటి దగ్గరి గ్రంథులు అలా బయటికి పంపుతాయి. తర్వాత సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఆ గూటి దగ్గరికి మళ్లీ రాదు.

మన పెద్దలు గురువు శిష్యుణ్ణి తీర్చిదిద్దే తీరుల గురించి చెబుతూ ఒక మాట అనేవారు, మీలో కొందరు విని ఉంటారు. పక్షి ఒంటి వేడితో తాకి పిల్లల్ని పొదుగుతుంది, చేప చూపుతో పెంచుతుంది, తాబేలు ఎక్కడో నీళ్లలో ఉండి తలచుకుంటేనే గట్టున పిల్లలు ఎదుగుతాయి, అని. మా నాయనమ్మ నోట ఇది విన్నప్పుడు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఇప్పటికీ ఇష్టమే. ఎందుకంటే ఆ మాట అన్నవాళ్లెవరో ఒక నిజాన్ని సరిగ్గానే గమనించారు: తల్లి దగ్గర లేదు, అయినా పిల్లలు బయటికి వస్తున్నాయి. మరి వాటిని ఎవరు చూసుకుంటున్నారు? ఇసుక. తల్లి ఎంచుకున్న ఆ ఇసుకలోని వెచ్చదనం, తడి. పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన, మొదటి కొన్ని రోజుల ప్రయాణానికి అదే చద్దిమూట. ఇంకొకటి చీకటి. దీని దగ్గర నేను కాసేపు ఆగుతాను.

నలభై అయిదు నుంచి అరవై రోజులకి గుడ్లు పగులుతాయి. పిల్లలు వెంటనే బయటికి రావు. ఒకదాని మీద ఒకటి కదులుతూ, పైన ఉన్న ఇసుకని కిందికి రాలుస్తూ, రెండు మూడు రోజుల్లో అన్నీ కలిసి పైకి చేరతాయి. పై ఇసుక వేడిగా ఉంటే కదలకుండా ఆగిపోతాయి. చల్లబడితే రాత్రయిందని వాటికి తెలుస్తుంది. అప్పుడు ఒక్కసారిగా బయటపడతాయి. నాలుగు సెంటీమీటర్ల నల్లటి పిల్ల. సముద్రం ఎటు ఉందో దానికి ఎవరు చెప్పాలి? మామూలు తీరంలో గట్టువైపు చెట్లు, ఇసుక దిబ్బలు నల్లగా ఉంటాయి. నీళ్లవైపు ఆకాశం వెలుగు, నక్షత్రాలు, చంద్రుడు పడి కింది అంచు కాస్త తెల్లగా ఉంటుంది. పిల్ల ఆ తెల్లటి అంచువైపు పరిగెడుతుంది. ఎన్నో లక్షల ఏళ్లుగా ఈ ఒక్క లెక్క తప్పలేదు.

ఇప్పుడు చెన్నైలో ఆ పిల్ల బయటికి వచ్చి చూస్తే ఎటు వెలుగుంది? రోడ్డువైపు. ఎత్తు స్తంభాల మీది హైమాస్ట్ దీపాలు, హోటళ్ల బోర్డులు, మొక్కజొన్న కండెలు కాల్చే బండ్లు, మన అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద తెల్లవార్లూ వెలిగే ఎల్‌ఈడీలు. పిల్ల అటే పరిగెడుతుంది. పుట్టినప్పటి నుంచి దాని రక్తంలో ఉన్న తెలివి చెప్పినట్టే చేస్తుంది, దాంతోనే చచ్చిపోతుంది. రోడ్డు మీద టైర్ల కింద, కుక్కల నోట, పొద్దునయ్యాక కాకుల ముక్కున. లేదా దారి దొరక్క తిరిగి తిరిగి ఎండకి వాడిపోతుంది.

అందుకే హేచరీ. ఈ సంగతి తెలిసి వెళ్లాలని నా కోరిక. ఒడిశాలో ఋషికుల్య, గహీర్‌మఠ తీరాల్లో వేలు, లక్షల తాబేళ్లు కొద్ది రాత్రుల్లోనే వచ్చి గుడ్లు పెడతాయి. అక్కడ ఆ గుడ్లని తవ్వి ఎక్కడికీ మోసుకుపోరు, ఉన్నచోటే కాపలా కాస్తారు. ప్రపంచంలో తాబేళ్ల కోసం పనిచేసేవాళ్లంతా ఒప్పుకునేది కూడా అదే, గుడ్డు తల్లి పెట్టినచోట ఉండటమే అన్నిటికంటే మేలు. తవ్వి తీయడంలో ప్రమాదం ఉంది. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకి లోపలి పిండం పైభాగాన పొరకి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తలకిందులైతే పిండం చచ్చిపోతుంది. కోడిగుడ్డుని కోడి ముక్కుతో తిప్పుతుంది, దీన్ని తిప్పకూడదు. ఇంత ప్రమాదం ఉన్నా తీస్తున్నారంటే, అక్కడే వదిలేస్తే మన వెలుగులో, మన కుక్కల మధ్య, మన కాళ్ల కింద దానికి ఇంకా తక్కువ అవకాశం ఉందని. బీసెంట్ నగర్ హేచరీని చూసి "ఎంత మంచి పని" అంటాం. మంచి పనే. ఆ పని అవసరమయ్యేలా చేసింది కూడా మనమే. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకుని ఆ దడి ముందు నిలబడాలి.

ఆ గుడ్లు ఎలా వస్తాయో పిల్లలకి చెప్పాలి. సీజన్‌లో రాత్రిళ్లు కొందరు తీరం వెంట నడుస్తారు. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా సుమారు 7 కిలోమీటర్లు, చెప్పుల్లేని కాళ్లతో, టార్చిలైటు లేకుండా. ఇసుక మీద తాబేలు పాకిన గుర్తు రెండు, రెండున్నర అడుగుల వెడల్పున కనపడుతుంది. పైకి వెళ్లిన జాడ ఒకటి, తిరిగొచ్చిన జాడ ఒకటి. రెండూ కలిసేచోట సన్నటి కర్రతో మెల్లగా నొక్కి చూస్తారు. ఇసుక మెత్తగా దిగిపోయినచోట చేత్తో తవ్వి, గుడ్లు ఒక్కొక్కటే తీసి గుడ్డసంచిలో పెడతారు. గుంత లోతు, వెడల్పు కొలుస్తారు. హేచరీలో అదే కొలతతో, అదే కూజా ఆకారంలో ఇంకో గుంత తవ్వి, కొద్ది గంటల్లోనే పూడ్చేస్తారు.

ఈ నడక ఇవాళ్టిది కాదు. 1970ల మొదట్లో పాముల పరిశోధకుడు రోములస్ విటేకర్, ఆయన పెట్టిన మద్రాస్ స్నేక్ పార్క్ మిత్రులు మొదలుపెట్టారు. అప్పుడు గుడ్లు తవ్వి అమ్ముకునేవాళ్లకంటే ముందు వెళ్లి చేరుకోవాల్సి వచ్చేది. 1978లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళంలో హేచరీ నడిపింది. తర్వాత కొన్నేళ్లు తమిళనాడు అటవీశాఖ. 1988 నుంచి కాలేజీ విద్యార్థులు పెట్టుకున్న స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ ఆ నడకని పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. పరీక్షల సీజనూ తాబేళ్ల సీజనూ ఒకటే అని తల్లులందరికీ తెలుసు. అయినా ఏటా ఎవరో ఒక పిల్లవాడు, ఒక పిల్ల రాత్రంతా నడిచి పొద్దున క్లాసుకి పోతున్నారు. మొదటి తరంలో సతీష్ భాస్కర్ అని ఒకాయన ఉండేవారు. ఐఐటీ మద్రాస్‌లో చదువుకి వచ్చి, దాన్ని వదిలి, దేశం తీరమంతా తాబేళ్ల కోసం నడిచారు. 1982లో లక్షద్వీప్‌లో మనుషులు లేని సుహేలీ దీవిలో వానాకాలమంతా ఒంటరిగా ఉన్నారు. భార్యకి ఉత్తరం రాసి సీసాలో పెట్టి సముద్రంలో వేస్తే, అది శ్రీలంకలో ఒక జాలరికి దొరికింది, ఆయన దాన్ని ఆమెకి పంపించారు. సతీష్ భాస్కర్ 2023లో పోయారు. మన దేశంలో ఏ తీరానికి ఏ తాబేలు వస్తుందన్న తెలివిడిలో చాలా భాగం ఆయన కాళ్లు సంపాదించి పెట్టిందే. ఆయన పేరు మన పిల్లలకి తెలియాలి.

సరే, మనం వెళ్లాం, అదృష్టం బాగుంది, పిల్లలు వచ్చాయి. అప్పుడేం జరుగుతుంది? కార్యకర్తలు ఇసుకలో ఒక గీత గీస్తారు, తాడైనా కడతారు. మనం ఇవతల, పిల్లలు అవతల. బుట్టలోంచి నీళ్లకి కొన్ని గజాల ఇవతల ఇసుక మీద వదులుతారు. అవి నడవాలి. "పాపం, చేత్తో తీసుకెళ్లి నీళ్లలో పెట్టొచ్చు కదా" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు, జాలితోనే అంటారు. వద్దండీ. ఆ ఇసుక మీద నడిచే కాసేపట్లోనే ఆ తీరం గుర్తు దానిలో పడుతుందని, భూమి అయస్కాంత శక్తిని బట్టి తన చోటు గుర్తుపెట్టుకుంటుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆడపిల్ల అయితే పది, పదిహేనేళ్లకి పెద్దదై గుడ్లు పెట్టడానికి తను పుట్టిన ప్రాంతానికే తిరిగొస్తుంది.

ఆడపిల్ల అన్నాను కదా, అది కూడా ఇసుకే తేలుస్తుంది. పొదిగే కాలంలో మధ్య రోజుల్లో ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయి. ముప్ఫై డిగ్రీలకి అటూ ఇటూగా ఆ తేడా వస్తుంది. ఇంకా వేడెక్కితే గుడ్లు లోపలే చచ్చిపోతాయి. ఏప్రిల్ ఎండకి గుంతల మీద నీడ ఎందుకు కావాలో ఇప్పుడు తెలిసింది కదా. ఎండలు ఏటికేడు ముదురుతుంటే మగపిల్లలు తగ్గిపోతారేమోనన్న టెన్షన్ ఈ పని చేసేవాళ్లందరికీ ఉంది.

గీత ఇవతల మనం చేయవలసింది ఒక్కటే, ఫోను జేబులో పెట్టుకోవడం. ఫ్లాష్ ఒక్కసారి మెరిస్తే నీళ్లవైపు వెళ్తున్న పిల్ల మనవైపు తిరుగుతుంది. ఇది నేను కళ్లారా చూశాను. ఒకసారి ఒక స్కూలు నుంచి బస్సుల్లో పిల్లల్ని తీసుకొచ్చారు. టీచర్లే గీత దాటి, తాబేలు పిల్లని అరచేతిలో పెట్టుకుని, ఫొటో తీయించుకున్నారు. చూస్తున్న పిల్లలు నేర్చుకున్నదేమిటి? సన్‌స్క్రీన్, దోమల మందు, కర్పూరం, చెమట అంటిన చేతుల్లో అది ఊపిరాడక కాళ్లు కొట్టుకుంటోంది. కోపం వచ్చింది నాకు, చెప్పాను కూడా. ఆలివ్ రిడ్లే మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జీవి, పులికి ఉన్నంత రక్షణ ఉంది. పులిపిల్లని ఎత్తుకుని ఫొటో దిగుతామా?

సెలవులకి వేరే దేశాలకి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. శ్రీలంక దక్షిణ తీరంలో, ఇంకా కొన్నిచోట్ల, టిక్కెట్టు పెట్టి నడిపే హేచరీలున్నాయి. వాటిలో కొన్ని పిల్లల్ని రోజుల తరబడి సిమెంటు తొట్లలో ఉంచుతాయి, వచ్చిన టూరిస్టుకల్లా ఏదో ఒకటి చూపించాలి కనుక. పుట్టిన మొదటి రోజు పిల్లకి ఒక వెర్రి ఉత్సాహం ఉంటుంది, ఆగకుండా ఈది లోతు నీళ్లకి చేరిపోవాలని. పచ్చసొన ఉన్నది దానికే. తొట్టిలో గోడకి కొట్టుకుంటూ ఆ బలమంతా కరిగించుకున్నాక సముద్రంలో వదిలితే అది ఎంత దూరం పోతుంది? కాబట్టి తొట్టి కనపడితే, డబ్బిస్తే చేత్తో వదలనిస్తామంటే, అక్కడినుంచి వచ్చేయండి. "ఇవాళ పిల్లలు లేవు, ఇంకోరోజు రండి" అని చెప్పగలిగే చోటే మంచి చోటు.

ఇంకొక మాట, కష్టమైనది. మీరు వెళ్లిన రోజు తీరంలో చచ్చిపడిన పెద్ద తాబేలు కనపడవచ్చు. పిల్లల కళ్లు మూసి పక్కకి లాక్కుపోకండి. 2025 జనవరిలో చెన్నై, దాని చుట్టుపక్కల తీరాల్లో వెయ్యికి పైగా ఆలివ్ రిడ్లేలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. కళ్లు ఉబ్బి, మెడ వాచి. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుంది. తాబేలు నీళ్లలో ఉన్నా ఊపిరికి పైకి రావాలి. ట్రాలర్, అంటే వలని సముద్రంలో ఈడ్చుకుపోయే మరబోటు, దాని వలలో చిక్కితే పైకి రాలేక ఉక్కిరిబిక్కిరై పోతుంది. తీరం నుంచి 5 నాటికల్ మైళ్ల లోపల ట్రాలింగ్ చేయకూడదని తమిళనాడులో నిబంధన ఉంది. తాబేళ్లు గుడ్లకి వచ్చేది ఆ లోపలికే. ఏటా చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అప్పటికి మన దగ్గర తల్లులు గుడ్లు పెట్టడం దాదాపు అయిపోతుంది. వల మెడలో ఊచల చట్రం ఒకటి పెడితే రొయ్యలు లోపలికి పోయి, తాబేలు ఆ ఊచలకి తగిలి పైన ఉన్న సందులోంచి బయటపడుతుంది. మన మరబోట్లలో అది వాడటం లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల్ని ఆపేసింది. చట్రం పెడితే పట్టిన సరుకులో కొంత జారిపోతుందని బోటు వాళ్ల భయం. ఆ నష్టం ఎవరు భరించాలో ప్రభుత్వం వాళ్లతో కూర్చుని తేల్చాలి.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఈ పాపాన్ని బీసెంట్ నగర్ పక్కనే ఉన్న జాలరి పేట ఊరూర్ ఆల్కాట్ కుప్పంలో చిన్న పడవ మీద వేటకి పోయే మనిషి మీద వేయకండి. ఒడ్డుకి దగ్గర ట్రాలర్ వస్తే మొదట నష్టపోయేది ఆయనే. నీలాంకరై నుంచి కింద ఎన్నో కుప్పాల్లో గూళ్లకి కాపలా కాసేది జాలరి కుర్రాళ్లే. హేచరీ చూసి వచ్చేటప్పుడు వాళ్లతో మాట్లాడండి. పులికాట్ దాటి నెల్లూరు తీరం నుంచి వచ్చిన తెలుగువాళ్లు కూడా తగులుతారు. సముద్రం గురించి వాళ్లకి తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు.

మన ఊళ్లకి పోయినప్పుడు కూడా చూడవచ్చు. విశాఖ ఆర్.కె. బీచ్ దగ్గర, బాపట్ల సూర్యలంక దగ్గర, శ్రీకాకుళం తీరంలో అటవీశాఖ హేచరీలు నడుస్తున్నాయి. శ్రీకూర్మం వెళ్లి కూర్మనాథస్వామికి దండం పెట్టుకుని, అక్కడికి దగ్గర్లోనే సముద్రం ఒడ్డున కూర్మాలు గుడ్లు పెడుతున్నాయని తెలియకుండా తిరిగొచ్చేవాళ్లున్నారు. ఈసారి అటు పోయినప్పుడు అడిగి చూడండి.

వెనకనుంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. "ఎన్ని బతుకుతాయి అంకుల్?" వెయ్యిలో ఒకటి పెద్దదవుతుందని సాధారణంగా వేసే అంచనా. నీ ఎదురుగా ఆ సాయంత్రం నూరు పిల్లలు నీళ్లలోకి పోతే, వాటిలో ఒక్కటి కూడా తల్లి కాకపోవచ్చు. అవునమ్మా, బాధగానే ఉంటుంది. తల్లి నూరు గుడ్లు పెట్టేది అందుకే. మిగతావి చేపలకి, పక్షులకి, పీతలకి తిండి. అది సముద్రం లెక్క, దాంతో మనకి తగువు లేదు. మన దీపం వల్ల, మన వల వల్ల పోయేవి ఆ లెక్కలో లేవు. అవి మాత్రం మన చేతిలో ఉన్నాయి.

నడకకి రావాలనుకునే పెద్దవాళ్లు: శుక్ర, శనివారాల రాత్రిళ్లు జరుగుతుంది, ముందుగా పేరిచ్చుకోవాలి, తెల్లవారుజాము దాకా నడవగలగాలి. తల్లి కనపడకపోవచ్చు, చాలా రాత్రిళ్లు కనపడదు. కనపడితే అది గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా దగ్గరికి పోకూడదు, మాట్లాడకూడదు. బెదిరిందంటే పెట్టకుండానే వెనక్కి పోతుంది. చిన్నపిల్లల్ని సాయంత్రం హేచరీకే తీసుకురండి.

తిరువాన్మియూర్, కొట్టివాక్కం, పాలవాక్కం, నీలాంకరైల్లో సముద్రం కనపడే ఫ్లాట్లలో ఉన్నవాళ్లు ఎంతమంది? చేతులు ఎత్తండి. బాగానే ఉన్నారు. జనవరి నుంచి మే దాకా, రాత్రి పదకొండు నుంచి తెల్లవారేదాకా, సముద్రంవైపు ఉన్న టెర్రస్ దీపాలు, తోట దీపాలు ఆర్పించాలి. తీసేయలేనివాటికి పైన మూత పెట్టి కిందికి తిప్పించాలి, తెల్ల బల్బుల బదులు ఎర్ర, కాషాయం బల్బులు వేయించాలి. బీచ్‌లో హైమాస్ట్ దీపాలు ఆర్పమని కార్యకర్తలు కార్పొరేషన్‌ని ఏళ్లుగా అడుగుతున్నారు, దాని సంగతి వాళ్లు చూసుకుంటున్నారు. మన మెట్ల మీద దీపం ఆర్పడానికి మనకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అసోసియేషన్ మీటింగులో ఒక అరగంట కూర్చుంటే చాలు. సెక్యూరిటీ అని ఒకరిద్దరు అభ్యంతరం చెబుతారు. రోడ్డువైపు దీపాలు ఉండనివ్వండి, మనం అడిగేది సముద్రంవైపువే అని చెప్పండి. తమిళంలో మాట్లాడాల్సి వస్తే నేను వచ్చి మీ పక్కన కూర్చుంటాను.

ఇప్పుడు ఒక కాగితం తిప్పుతున్నాం. ఎడమవైపు హేచరీకి వచ్చేవాళ్ల పేర్లు, కుడివైపు తమ అపార్ట్‌మెంట్‌లో దీపాల గురించి మాట్లాడతామనే వాళ్ల పేర్లు, ఫ్లాటు నంబరుతో సహా. ముందు కుడివైపు రాయండి. పెన్ను లేకపోతే ఇక్కడ రెండున్నాయి. వెనక వరుసకి కూడా పంపండమ్మా.